రైల్లో ఊగకూడని సీసా

ఆ రోజుల్లో నేను బస్సు దిగాల్సిన చోటు దాటిపోతున్నా "ఆపండి" అనలేక, ముందు ఊళ్ళో ఇంకెవరో ఆపిస్తే వాళ్ళ వెనకాలే దిగి, ఎండలో వెనక్కి నడిచి వచ్చేదాన్ని. ఇదేదో పూర్వకాలం సంగతి అనుకోకండి, అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లు ఉన్న కాలమే, నిన్నమొన్నటి మాటే. సిగ్గుకి కాలంతో పనేముంది? పుస్తకాల్లో మనుషులు ఎన్ని పేజీలు మాట్లాడుకున్నా ఓపిగ్గా వినేదాన్ని. ఎదురుగా మనిషి నిలబడి "బాగున్నావా" అంటే మాత్రం జవాబు ఇంటికెళ్ళి డైరీలో రాసుకునేదాన్ని. (నా డైరీల్లో నేను మహా చమత్కారిని. ఆ జవాబులు వేళకి నోట్లోకి వచ్చి ఉంటే శ్రీకాకుళం జిల్లాలో నన్ను మించిన మాటకారి ఉండేది కాదు.)

అలాంటి నాకు ఎం.ఫార్మసీలో పరిశోధనకి దొరికిన విషయం, నీళ్ళలో కరగని ఒక మందు. మా గైడు గారు నన్ను చూసే ఎంచి ఇచ్చారేమోనని ఇప్పటికీ అనుమానం. ఆయనకి మా హాస్టల్లో 'మళ్ళీచేద్దాం మాష్టారు' అని పేరు. ఏ ఫలితం తీసుకెళ్ళి చూపించినా "బాగుందమ్మా, మళ్ళీ చేద్దాం" అనేవారు. ఆయన మొదటిరోజే చెప్పారు: మందు ఎంత మంచిదైనా, నీళ్ళలో కరగకపోతే కడుపులోకి వెళ్ళి ఓ మూల కూర్చుంటుంది, ఎవరితోనూ కలవదు, ఎవరికీ ఉపయోగపడదు, వచ్చింది వచ్చినట్టే పోతుంది. వింటూ నేను తలొంచుకున్నాను. పెళ్ళిళ్ళకి వెళ్ళి నేను చేసేది సరిగ్గా అదే. అయితే మందు విషయంలో ఓ ఉపాయం ఉంది. పటికబెల్లం ముక్క నోట్లో ఎంతసేపైనా అలాగే ఉంటుంది, అదే మెత్తగా నూరి నాలిక మీద వేసుకుంటే చటుక్కున కరిగిపోతుంది కదా. అలాగే ఆ మందుని కంటికే కాదు, మామూలు మైక్రోస్కోపుకి కూడా చిక్కనంత చిన్న రేణువులుగా చేస్తే ఒంట్లో తొందరగా కరుగుతుంది. వాటినే నానో రేణువులంటారు. నాకు అలాంటి ఉపాయమేదీ ఎవరూ చెప్పలేదు.

ఆ రేణువులు చేయడం నిజానికి వంటలాంటి పనే. మందుని ఆల్కహాల్లో కరిగించాలి. ఓ పక్క సబ్బులాంటి పదార్థం కలిపిన నీళ్ళు గిర్రున తిరుగుతుంటే అందులో దాన్ని చుక్క చుక్కగా వదలాలి. చెయ్యి మంచిదైతే ఆ నీళ్ళు మజ్జిగ తేటలా, కాస్త నీలిరంగు జీరతో తెల్లగా మారతాయి. ఒక్కో రేణువు చుట్టూ ఆ సబ్బు పదార్థం ఓ పొరలా చేరి, అన్నిటికీ ఒకే రకం విద్యుత్తు అంటగడుతుంది. దాంతో అవి ఒకదాన్నొకటి దగ్గరకి రానివ్వవు, ఒకే గదిలో ఇరుక్కున్న మా హాస్టల్ అమ్మాయిల్లాగ. దగ్గరకి రానంతవరకే అవి నానో రేణువులు. అతుక్కున్నాయంటే అడుగున పేరుకున్న పిండి.

మా కాలేజీ చీపురుపల్లి దగ్గర. రేణువు ఎంతుందో కొలిచే మిషను మాకు లేదు, విశాఖపట్నంలో ఒక లేబొరేటరీలో ఉండేది. అక్కడ మాకు ఇచ్చిన సమయం సోమవారం పొద్దున. నాదేమో నౌపడ. మా నాన్న ఉప్పు మడుల్లో మేస్త్రీ. శనివారం సాయంత్రానికి నేను ఇంటికి చేరకపోతే మా మామ్మ (మా నాన్న తల్లి) హాస్టల్ వార్డెన్‌కి ఫోన్ చేసి "మా పిల్లని ఏటి సేసినారు" అని అడిగే మనిషి. అందుకని శనివారం చేసిన మందు నీళ్ళు సగం కాలేజీ ఫ్రిజ్‌లో ఉంచి, సగం ఓ సీసాలో పోసుకుని ఇంటికి తెచ్చుకునేదాన్ని. సోమవారం తెల్లవారాక పాసింజర్ రైలెక్కి విశాఖపట్నం వెళ్ళేదాన్ని.

మొదటి సోమవారం ఎంత ఉత్సాహంగా వెళ్ళానో. సీసాని నల్లగుడ్డలో చుట్టి, దూది పరిచిన డబ్బాలో పెట్టి, పుట్టిన పిల్లని మోసినట్టు మోసుకెళ్ళాను. అక్కడ మిషను చూసుకునే అక్క సీసా పైకెత్తి కిటికీ వెలుగులో పట్టుకుంది. అడుగున తెల్లగా, విరిగిన పాలలా పేరుకుని ఉంది.

"ఏటమ్మా ఇది?" అంది.

"నానో రేణువులండి," అన్నాను, నాకే వినపడనంత చిన్నగా.

"నానో అంటే కనపడకూడదు తల్లీ. ఇవి అద్దాలు తీసేసినా కనపడతన్నాయి. దీనికి మిషనెందుకు, స్కేలు సాలు."

ఆ మాటకి సరైన జవాబు నాకు విజయనగరం స్టేషన్ దాటాక తట్టింది, తిరుగు రైల్లో.

కాలేజీకి వెళ్ళి ఫ్రిజ్‌లో ఉంచిన సగం చూశాను. మజ్జిగ తేటలా, నీలి జీరతో, నన్ను వెక్కిరిస్తున్నట్టు మెరుస్తోంది. ఒకే రోజు, ఒకే గిన్నెలో పుట్టిన నీళ్ళు. ఫ్రిజ్‌లో కూర్చున్నది బాగుంది, నాతో వచ్చింది చెడిపోయింది. ఇక్కడ మామూలు మనిషి ఎవరినైనా అడుగుతుంది. నేను అడగను, ఆలోచిస్తాను. (అడగడానికి ధైర్యం కావాలి, ఆలోచించడానికి కిటికీ పక్క సీటు చాలు.) ఆలోచించగా ఆలోచించగా నాకో సిద్ధాంతం పుట్టింది. తేడా అంతా ప్రయాణంలో ఉంది. మా పాసింజర్ రైలు ఊపులు మామూలువి కావు. ఆ ఊపుకి రేణువులు ఒకదానికొకటి కొట్టుకుని, మొహమాటం పోయి, కలిసిపోతున్నాయి. ఈ సిద్ధాంతాన్ని మాష్టారికి మెసేజ్‌లో రాసి పంపితే, ఆయన "మంచి పరిశీలన అమ్మా. ఈసారి ఊగకుండా తీసుకెళ్ళు. మళ్ళీ చేద్దాం" అని జవాబిచ్చారు. బుద్ధి తెలిశాక ఒకరు నా ఆలోచనని మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మెసేజ్‌ని డైరీలో కూడా ఎక్కించుకున్నాను.

రైల్లో సీసా ఊగకుండా ఉండాలంటే దాన్ని ఎక్కడా ఆనించకూడదు. సీటు మీద పెడితే సీటు ఊగుతుంది, ఒళ్ళో పెట్టుకుంటే ఒళ్ళు ఊగుతుంది. అందుకని తర్వాతి సోమవారం, ఆడవాళ్ళ పెట్టెలో తలుపుకి కాస్త ఇవతల, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, నల్లగుడ్డ చుట్టిన సీసాని అరచేతిలో పెట్టుకుని, రైలు ఎటు వాలితే చేతిని దానికి ఎదురు వంచుతూ నిలబడ్డాను. నలుగురూ చూస్తారంటే నీళ్ళు కూడా తాగని దాన్ని. విజ్ఞానశాస్త్రం కోసం మనిషి ఎంతకైనా తెగిస్తుంది.

పెట్టెలో సగం మంది విజయనగరం మార్కెట్టుకి వెళ్ళేవాళ్ళే. వాళ్ళకి పెద్ద దిక్కు, భావనపాడు నుంచి ఎండుచేపల గంపతో వచ్చే ఒకామె. అందరూ ఆమెను 'అప్పా' (మావైపు అక్కని అలాగే పిలుస్తారు) అనేవారు. కాసేపు నన్ను కిందనుంచి పైకి చూసింది.

"ఏటి పిల్లా అది, తీర్తమేటి?"

"కాదండి. మందు."

"ఎవులికి?"

నిజానికి ఆ మందు ఎవరికీ కాదు. ఆ ముక్క చెప్పాలంటే పటికబెల్లం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. నేను నోరు తెరిచేలోపు పక్కనున్న ఆకుకూరలామె, "ఎవులికేటప్పా, ఇంట్లో పెద్దోలికే అయుంటాది. మీ మామ్మకా తల్లీ?" అంది. నేను తల ఊపాను. అవునని కాదు, కాదనీ కాదు, ఇంతటితో మాటలు ఆగితే చాలని. అప్ప వెంటనే గంప పక్కకి లాగి, "ఒసే, కాస్త ఎడం అవ్వండే. ఆ పిల్ల సేతిలో ముసలమ్మ పాణం ఉన్నాది, తొయ్యకండి," అంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో ఎక్కిన వాళ్ళకి కూడా ఈ సంగతి చేరిపోయింది. పొందూరు దాటేసరికి మా మామ్మకి గుండెజబ్బు కూడా వచ్చేసింది.

అంత చేసినా సీసా అడుగున మళ్ళీ అదే పిండి. మిషను అక్క ఈసారి జాలిగా చూసింది. అది ఇంకా కష్టం.

ఇక మిగిలింది ఒకే ఒక్క సోమవారం. ఆ వారంలోనే థీసిస్ ఇచ్చెయ్యాలి. రేణువు కొలత లేకుండా నా థీసిస్‌ని ఎవరూ తీసుకోరు. మా బ్యాచ్ అంతా డిగ్రీలు పట్టుకుని వెళ్ళిపోతే నేనొక్కదాన్నీ ఇంకో ఆరునెలలు, ముక్కూమొహం తెలియని జూనియర్ల మధ్య ఉండిపోవాలి. హాస్టల్లో నాతో మాట్లాడే మనిషి నా రూమ్మేట్ ఒక్కర్తే. అదీ నేను జవాబు చెప్పకపోయినా పట్టించుకోని రకం కాబట్టి. ఆమె కూడా వెళ్ళిపోతే ఆ ఆరునెలలూ నేను ఎవరితో మాట్లాడకుండా ఉండాలో నాకు తెలియలేదు.

ఆ శనివారం మళ్ళీ మందు నీళ్ళు చేసి, సగం కాలేజీ ఫ్రిజ్‌లో ఉంచి, సగం ఇంటికి తెచ్చుకున్నాను. ఆదివారం దీపాలు పెట్టే వేళ గదిలో పుస్తకం పట్టుకుని, రైల్లో సీసాని తాడుతో కట్టి గాల్లో వేలాడదీస్తే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తున్నాను. వీధిలోంచి తెలిసిన గొంతు వినపడింది. భావనపాడు అప్ప. చేతిలో కాగితం పొట్లంలో ఎండుచేపలు, కొంగున విభూతి.

"ఇది మేస్త్రీ గారిల్లేనా? సీసా పట్టుకుని రైలెక్కే పిల్ల ఇల్లేదని టేసన్లో అడిగితే ఇటు సెప్పినారు. మామ్మగారికి ఎలగున్నాదో సూసెల్దామని వచ్చినాను. లెగిసి కూకుంటన్నారేటి?"

మా మామ్మ అప్పుడే నూతి దగ్గర్నుంచి నీళ్ళ బిందె చంకనెత్తుకుని వస్తోంది. "ఏ మామ్మ?" అంది.

"గుండెజబ్బు మామ్మ."

"ఈ ఇంట్లో మామ్మని నానొక్కర్తినే. నా గుండెకేటొచ్చింది?" బిందె దించి, "ఒసే, ఇలగ రా," అని నన్ను పిలిచింది.

నేను వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాను. డైరీలో అయితే ఆ క్షణాన మూడు పేజీలు మాట్లాడేదాన్ని. అప్ప నా మొహం చూసింది, మామ్మ బిందె చూసింది, చూసి ముక్కున వేలేసుకుంది. "అదేటమ్మా, మొన్న సోమారం సీసా అరసేతిలో ఎట్టుకుని, హారతి పల్లెం పట్టినట్టు నిలబడినాది. రైలూగినా అది ఊగలేదు. నీ కోసమే అనుకుని మా పెట్టిలో ఎవుల్నీ తుమ్మనివ్వలేదు. తలుపులమ్మకి మొక్కుకున్నాను కూడాను."

"నా కోసం కాదే, ఆ తెల్లనీల్లు దాని సదువుకంట," అంది మామ్మ. "అయితే మాత్తరం అరసేతిలో ఎందుకే?"

తప్పనిసరై చెప్పాను. "ఊగితే పాడైపోతోంది మామ్మా. రెండుసార్లూ పాడైపోయింది."

"పాడవ్వడమేటి? పెతీసారీ నాను దిష్టి తీస్తంటేను?"

"దిష్టా? ఎలా తీశావు?"

"ఎలగేటి, అందరూ తీసినట్టే. తెల్లటిది గడప దాటి ఎల్తంటే ఒట్టినే పంపుతారేటి? పాలైనా పెరుగైనా ఉప్పు ఏసే కదా పంపుతాం. మూత తీసి నాలుగు ఉప్పుగల్లు ఏసి మల్లీ బిగించీసినాను. నల్లగుడ్డ కూడా ఎలగున్నదాన్ని అలగే సుట్టినాను."

"నాకు చెప్పొచ్చు కదా."

"సెప్పి తీస్తే అది దిష్టేటే?"

అప్ప కూడా తల ఊపి, "అదీ నిజమే," అంది.

నేను అక్కడే అరుగు మీద కూలబడ్డాను. ఉప్పు. నీళ్ళలో ఉప్పు పడిందంటే రేణువుల చుట్టూ ఉన్న విద్యుత్తు మసకబారిపోతుంది, అవి పోట్లాట మరిచి ఒకదాన్నొకటి వాటేసుకుంటాయి, అడుగుకి దిగిపోతాయి. ఇది నాకు కొత్తగా తెలిసిన సంగతి కాదు. నా థీసిస్ రెండో అధ్యాయంలో దీని మీదే ఒక పేజీ నిండా, ఎక్కడెక్కడి పుస్తకాలో తిరగేసి, అందంగా రాశాను. ఉప్పు మడుల పక్కన పుట్టి, ఉప్పు అన్నం తిని, ఉప్పు మీద పేజీ రాసి, రైలుని అనుమానించాను. పాపం రైలు.

"ఈపూట ఏశావా మామ్మా?"

"దీపం ఎట్టినప్పుడే ఏసీసినాను," అంది, మెచ్చుకుంటానని చూస్తూ.

లోపలికెళ్ళి గుడ్డ విప్పి చూస్తే, అప్పుడే పాలు విరిగినట్టు అవుతోంది. కాలేజీ ఫ్రిజ్‌లో రెండో సగం క్షేమంగా ఉంది. పొద్దున్న నేనెక్కే రైలు చీపురుపల్లిలో ఆగుతుంది, కానీ నేను దిగి కాలేజీకి వెళ్ళి వస్తే విశాఖపట్నంలో నా సమయం దాటిపోతుంది. ఎవరైనా సీసా తీసి స్టేషనుకి తెస్తే తప్ప దారి లేదు. రూమ్మేట్ సొంత ఊరు వెళ్ళింది. లేబ్ తాళం మాష్టారి దగ్గర ఉంటుంది. మెసేజ్ పెట్టాను, చూడలేదు. ఇంకో మెసేజ్ పెట్టాను, చూడలేదు. అంటే ఫోన్ చెయ్యాలి. నోటితో.

ఏం మాట్లాడాలో ముందు కాగితం మీద రాసుకున్నాను. "నమస్కారం సార్. ఆదివారం మీకు ఇబ్బంది కలిగిస్తున్నందుకు మన్నించండి..." అని మొదలై చాలా హుందాగా వచ్చింది. మామ్మా, అప్పా చెరోపక్కా కూర్చున్నారు, ఆపరేషన్ చూడ్డానికి వచ్చినట్టు. మాష్టారు "హలో" అనేసరికి కాగితం మీద అక్షరాలన్నీ ఒకదాన్నొకటి వాటేసుకున్నాయి.

"సార్, మా మామ్మ ఉప్పేసేసిందండి," అన్నాను.

ఆయన అడిగారు, "కూరలోనా అమ్మా?"

"సీసాలో సార్. ప్రతీసారీ. దిష్టి తగలకుండా."

అటువైపు ఆయన గట్టిగా ఊపిరి పీలుస్తున్న చప్పుడు వినపడింది. కోపం వచ్చిందనుకున్నాను. తర్వాత ఆయన నవ్వు ఆపుకుంటున్నారని అర్థమైంది. "ఎంత వేశారు?" అన్నారు, పరిశోధకుడి గొంతుతో. నేను మామ్మ వైపు తిరిగితే, "సిటికెడు, మూడేల్లకి పట్టినంత అని సెప్పు," అంది. చెప్పాను. "అయితే తప్పు మన మందుది కాదన్నమాట," అన్నారాయన, ఎంతో బరువు దిగినట్టు. "రేపు రైలు వేళకి సీసా నేనే తెస్తానమ్మా. నువ్వు కిటికీ దగ్గర ఉండు."

పొద్దున్న చీపురుపల్లిలో రైలు ఆగింది. అక్కడ ఆగేది నిమిషమో రెండు నిమిషాలో. ఆడవాళ్ళ పెట్టె వెనకెక్కడో చివర ఉంది. మాష్టారు తన కూతురి స్కూలు లంచ్‌బ్యాగ్ గుండెలకి హత్తుకుని (అందులో ఐసు ముక్కల మధ్య నా సీసా) ప్లాట్‌ఫారం మీద ఇంజన్ వైపు నడుస్తున్నారు, ప్రతి కిటికీలోకీ వంగి చూస్తూ. ఏ పెట్టెలో ఉంటానో నేను చెప్పలేదు. ఫోన్ చేస్తే ఆయన చేతులు ఖాళీ లేవు, మోగుతోంది, తియ్యడం లేదు. నేను కిటికీ ఊచలు పట్టుకుని "సార్" అన్నాను. పక్కన కూర్చున్న ఆకుకూరలామెకి కూడా వినపడలేదు.

"అరువే," అంది అప్ప. "నీ మందే కదా, నీకు నోరు లేదేటి?"

"మీరు పిలవండి అప్పా."

"నానేటని పిలవను? నాకు సారేటి? నువ్వే అరువు, రైలు ఎల్లిపోతాది."

గార్డు విజిల్ వేశాడు. ఆరునెలలు, జూనియర్లు, ఖాళీ గది, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. అప్పుడు నా గొంతులోంచి ఒక కేక వచ్చింది. అది నాదని నాకు తర్వాత చెప్పారు. ప్లాట్‌ఫారం మీద టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు దించేశారు. ఇడ్లీలమ్మే అతను పొట్లం కడుతూ కడుతూ ఆగిపోయాడు. అటు పక్క బెంచీ మీద పడుకున్న పెద్దాయన లేచి కూర్చుని తన పేరు ఎవరు పిలిచారా అని చూశాడు. మాష్టారు వెనక్కి తిరిగారు, నన్ను చూశారు, ఆ వయసులో ఆయన అంత పరిగెత్తగలరని ఎవరూ అనుకోరు. రైలు కదిలింది. ఆయన పక్కనే పరిగెడుతూ సంచీ పైకెత్తారు. కిటికీ ఊచల మధ్య అది పట్టలేదు. అప్ప తలుపు దగ్గరికి ఒక్క అంగలో చేరి, ఎండుచేపల గంప ఎత్తే చేత్తో దాన్ని ఒడిసిపట్టి లోపలికి లాగేసింది. లాగుతూ నాలుగు కుదుపులు కుదిపింది కూడా. నేను నవ్వాను. ఊగితే ఊగనీ.

విశాఖపట్నంలో మిషను అక్క సీసా వెలుగులో పట్టుకుని అటు తిప్పింది, ఇటు తిప్పింది, మిషన్లో పెట్టింది. కాసేపటికి తెర మీద ఒకే ఒక్క సన్నటి గీత, నిటారుగా లేచి, నిటారుగా దిగింది. రేణువులన్నీ ఒక సైజువే, మేం కోరుకున్నంత చిన్నవే. "ఇదీ నానో అంటే," అంది. "ఏటి సేసినావమ్మా ఈసారి?" నేను చెప్పాలనుకున్నాను. గొంతు బొంగురుపోయి ఒక్క మాట బయటికి రాలేదు. చెప్పలేకపోవడానికి సరైన కారణం ఉండటం నా జీవితంలో అదే మొదటిసారి, దాన్ని హాయిగా అనుభవించాను.

థీసిస్ ఆ వారంలోనే ఇచ్చాను, బ్యాచ్‌తో పాటే బయటపడ్డాను. ఆ కేకతో నా సిగ్గంతా ఎగిరిపోయిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. ఎగిరిపోలేదు. తర్వాత వైవాలో పరీక్షాధికారి అడిగిన మొదటి ప్రశ్నకి నేను చెప్పిన జవాబు బల్ల అవతలికి చేరలేదు. పక్కనుంచి మాష్టారు "కాస్త గట్టిగా అమ్మా" అని రెండుమూడుసార్లు అనాల్సి వచ్చింది. ఇప్పుడు మాత్రల కంపెనీలో, కరగని మందులతోనే ఉద్యోగం. మీటింగుల్లో నేను చెప్పిన లెక్క బాగుందంటారు, ఇంకోసారి చెప్పమంటారు, వినపడలేదు కాబట్టి. మొన్న మా మేనేజరు గారు మంచిగానే అన్నారు, "ఇంత పని తెలిసిన మనిషివి, ఒక్కసారైనా గొంతెత్తి మాట్లాడకూడదా" అని.

మాట్లాడానండీ, కావాలంటే ఆ సోమవారం పొద్దున చీపురుపల్లి ప్లాట్‌ఫారం మీద టీ తాగుతున్నవాళ్ళని అడగండి, అనాలనుకున్నాను. ఆ జవాబు ఈసారి వేళకే వచ్చింది, నాలిక చివరిదాకా వచ్చి నిలబడింది. అయినా అనలేదు. ఊరికే నవ్వి, ఇంటికొచ్చి ఇలా రాసుకున్నాను.